నిర్ణయమును నేర్పు విద్య

బాలునకు గుణింతము రాకున్నచో గురువు మరల నేర్పును. ఎక్కము తప్పినచో మరల చెప్పించును. చదువులో తప్పు దొర్లుట సహజమనియు, అభ్యాసముచే అది సరియగుననియు అందరును నమ్ముదురు. కాని అదే బాలుడు తోటివానిపై చేయి చేసుకొన్నప్పుడు, అవమానము పొంది మూలను కూర్చున్నప్పుడు, స్నేహితుల బలవంతమునకు లొంగి చేయరాని పని చేసినప్పుడు పెద్దల వైఖరి మారును. అప్పుడు మందలింపు కలదు, శిక్ష కలదు, నీతివాక్యము కలదు; అభ్యాసము మాత్రము లేదు. లెక్క తప్పినవానికి లెక్క నేర్పుదురు. నడత తప్పినవానికి తప్పును చూపి ఊరకుందురు.

ఈ లోపమును గుర్తించి, దానిని సరిదిద్దుటకు గత శతాబ్ది ఉత్తరార్ధమున అమెరికా దేశపు కొన్ని పాఠశాలలలో ఒక ప్రయత్నము సాగినది. కోపము, భయము, సిగ్గు మనస్సును కమ్మిన వేళ నిలిచి ఆలోచించి నిర్ణయము చేసుకొనుటయు ఒక నేర్పే అనియు, చదువు వ్రాతల వలెనే దానిని అభ్యసింపజేయ వచ్చుననియు ఆ ప్రయత్నమునకు మూలమైన విశ్వాసము. ఆ విద్య యొక్క స్వరూపము, పద్ధతి, ఫలము, పరిమితులు ఈ పాఠమున విచారింపబడుచున్నవి.

ఆరంభ దశ

ఫిలడెల్ఫియా నగరమున జార్జ్ స్పివాక్, మిర్నా షూర్ అను ఇరువురు మనస్తత్వ శాస్త్రజ్ఞులు నాలుగేండ్ల ప్రాయపు పిల్లలపై పరిశోధన చేసి 1974లో ఒక గ్రంథము ప్రకటించిరి. తోటివారితో కలిసి మెలిసి యుండు పిల్లలకును, తరచుగా కలహించు పిల్లలకును గల భేదమేమి అని వారు పరిశీలించిరి. ఒక చిక్కు వచ్చినప్పుడు ఎన్ని ఉపాయములు తోచును, ఒక పని చేసినచో దాని తరువాత ఏమి జరుగునని తోచును అను విషయములందే ముఖ్య భేదము కనబడినది. బొమ్మ కావలెనన్నచో లాగుకొనుట యను ఒక్క ఉపాయమే తెలిసిన పిల్లవాడు లాగుకొనును. అడుగుట, మార్చుకొనుట, కలిసి ఆడుట, కొంతసేపు ఆగుట అను ఉపాయములును తోచినవానికి ఎన్నుకొనుటకు అవకాశము కలదు.

కావున వారు పిల్లలకు ఏమి చేయవలెనో చెప్పుటకు బదులు, ఎట్లు ఆలోచింపవలెనో నేర్ప బూనిరి. మొదట ఆటలలో చిన్న చిన్న మాటల జంటలను అలవాటు చేయించిరి: ముందు–తరువాత, కొందరు–అందరు, ఒకటే–వేరు, ఎందుకు–ఎందుకనగా. ఆటలో ఈ మాటలు నాలుకకు పట్టిన పిదప వానినే తగవులలోనికి తెచ్చిరి. “వాడు నిన్ను కొట్టినది ముందా, నీవు బొమ్మ లాగినది ముందా?” అను ప్రశ్న శిక్షకు పిలుపు వలె గాక, తెలిసిన ఆట వలె వినబడును. పిల్లవాడు భయపడక ఆలోచించును.

ఇంచుమించు అదే కాలమున, 1968లో, యేల్ విశ్వవిద్యాలయమునకు చెందిన జేమ్స్ కోమర్ అను వైద్యుడు న్యూ హేవెన్ నగరమున చదువులో వెనుకబడిన రెండు పాఠశాలలను చేపట్టెను. తలిదండ్రులు, ఉపాధ్యాయులు, ఇతర సిబ్బంది ఏకమై పాఠశాలను నడుపనిదే బాలుని మనస్సు చదువునందు కుదురుకొనదని ఆయన నిరూపింప జూచెను. ఒకచోట పిల్లవాని ఆలోచన, వేరొకచోట పాఠశాల వాతావరణము: ఈ రెండును తరువాతి ప్రయత్నములకు పునాదులైనవి.

న్యూజెర్సీ పాఠశాలలలో

1979లో న్యూజెర్సీ రాష్ట్రమున రట్గర్స్ విశ్వవిద్యాలయపు మనస్తత్వ శాస్త్రాచార్యుడు మారిస్ ఎలయాస్, మానసిక ఆరోగ్య కేంద్రమున పని చేయుచుండిన జాన్ క్లాబీ, స్థానిక ఉపాధ్యాయులు కలిసి ఒక పాఠ్యక్రమమును ఆరంభించిరి. సాంఘిక నిర్ణయమును, సమస్యా పరిష్కారమును నేర్పుట దాని ఉద్దేశము. వారు ముఖ్యముగా దృష్టి నిలిపినది ఒక సంధికాలముపై. ఆ ప్రాంతమున పిల్లలు అయిదవ తరగతి ముగించి చిన్న పాఠశాలను విడిచి పెద్ద పాఠశాలలో చేరుదురు. అంతవరకు ఒకే గది, ఒకే ఉపాధ్యాయురాలు. ఆపై గంటకొక గది, గదికొక ఉపాధ్యాయుడు. దారి తప్పుట, తమ పెట్టె తాళము తెరువరాకుండుట, పెద్ద పిల్లల వేధింపు, పొగ త్రాగుమను ఒత్తిడి ఆ పిల్లలకు ఎదురగు చిక్కులు. పెద్దలకు ఇవి స్వల్పములు. పదునొకండేండ్ల పిల్లవానికి ఇవియే కొండలు. పైగా ఆ చిక్కులలో పెక్కు పెద్దలెవ్వరును ప్రక్కన లేనప్పుడే ఎదురగును. నిర్ణయము వాడొక్కడే చేయవలెను. ఆ క్షణమున వానికి తోడుగా నిలువదగినది వాని అభ్యాసమే.

మొదట నిలుకడ

ఈ పాఠ్యక్రమమున ఆలోచనకు ముందు నిలుకడ నేర్పుదురు. కోపము మొదట శరీరముననే తెలియును. ఒకనికి చెవులు వేడెక్కును, ఒకనికి కడుపులో త్రిప్పును, ఒకనికి పిడికిలి బిగియును. వీనిని ‘భావముల వేలిముద్రలు’ అందురు. ఒకని వేలిముద్ర మరొకనికి లేనట్లే కోపపు గుర్తులును ఎవరివి వారివే. ప్రతి బాలుడును తన గుర్తును తానెరిగి, ఎట్టి సందర్భములు తన్ను రేపునో గమనింపవలెను. గుర్తు కనబడినంతనే ‘ఆగుము’ అని తనకు తాను చెప్పుకొని, ‘శాంతము’ అనుకొని, నిదానముగా దీర్ఘ శ్వాసలు తీయవలెను. దీనిని తగవు వచ్చినప్పుడు చెప్పుట వ్యర్థము. ఎవరికిని కోపము లేని వేళ తరగతి యంతయు పలుమారు అభ్యసింతురు. ఈతను ఒడ్డున నున్నప్పుడు తలచుకొనక నదిలో పడిన పిదప నేర్చుకొందు మన్నచో జరుగునా?

ఇతరులతో మాటలాడు విధమును కూడ అట్లే విడదీసి నేర్పుదురు. నిలుచు తీరు, కంటి చూపు, పలుకు మాట, కంఠస్వరము అను నాలుగింటిని గమనింపుమందురు. “నా పుస్తకమిమ్ము” అను ఒకే మాట వేడికోలుగాను, బెదిరింపుగాను, ఏడ్పుగాను వినబడగలదని పిల్లలు తామే పలికి తెలిసికొందురు. తరగతి వలయముగా కూర్చున్నప్పుడు ఒక వస్తువు చేతికి చేతికి మారుచుండును. అది ఎవరి చేతనున్నదో వారే మాటలాడవలెను, తక్కినవారు వినవలెను. వినుట యనునది మాటలాడుట కన్న కష్టమైన విద్య యని చాలమంది పిల్లలకు మొదట తెలియునది ఆ వలయముననే.

ఎనిమిది మెట్లు

నిలుకడ కుదిరిన పిదప ఎనిమిది మెట్లు నేర్పుదురు.

1. తన మనస్సున కలిగిన భావమును పేరు పెట్టి గుర్తించుట.
2. సమస్య యేమో మాటలలో చెప్పుట.
3. తానేమి కోరుచున్నాడో, అనగా తన లక్ష్యమేమో తేల్చుకొనుట.
4. సాధ్యమైనన్ని ఉపాయములు తలచుట.
5. ఒక్కొక్క ఉపాయమునకు తనకును ఇతరులకును కలుగు ఫలములను ఊహించుట.
6. మేలైన దానిని ఎన్నుకొనుట.
7. దానిని ఎట్లు అమలు జరుపవలెనో, ఏ ఆటంకములు రాగలవో ముందుగా చూచుకొని అభ్యసించుట.
8. జరిగిన దానిని గమనించి, అవసరమైనచో మరల ఆలోచించుట.

ఇందు క్రొత్త సంగతి యేమున్నదని కొందరికి తోపవచ్చును. వివేకవంతులు సహజముగా చేయునది ఇదియే. కాని వివేకవంతుని మనస్సున క్షణకాలమున జరిగిపోవు పనిని మెట్టు మెట్టుగా విడదీసి బాలుని ముందుంచుటయే ఇందలి విశేషము. ఒక ఉదాహరణముచే ఇది స్పష్టమగును.

ఆరవ తరగతిలో క్రొత్తగా చేరిన బాలుడు మధ్యాహ్నము భోజనశాలలో పళ్లెము చేతబట్టి, క్రిందటి యేడు తనతో చదివిన మిత్రులున్న బల్ల వద్దకు పోయెననుకొందము. “ఇక్కడ చోటు లేదు” అని వారిలో ఒకడనును. తక్కినవారు నవ్వుదురు. చోటు కన్నుల యెదుట కనబడుచునే యున్నది. ఆ క్షణమున బాలునకు తోచునవి సాధారణముగా రెండే: ఆ అన్నవానిని కొట్టుట, లేక పళ్లెము విడిచి వెలుపలికి పోయి ఆకలితో నుండుట. ఈ బాలుడు నిలుకడ నేర్చినవాడు గనుక పిడికిలి బిగియుటను గుర్తించి, ఊపిరి నిదానించి, వేరొక బల్ల వద్ద కూర్చుండి, సాయంకాలము ఉపాధ్యాయురాలి కడకు వచ్చెను.

ఆమె “పోనిమ్ము, పట్టించుకొనకుము” అని చెప్పదు. “ఆ పిల్లలను రేపు పిలిచి మందలింతును” అనియు చెప్పదు. “నీ మనస్సున కేమనిపించినది?” అని అడుగును. “కోపము” అని వాడనును. “కోపమేనా, ఇంకేమైన కలదా?” కొంత తడవునకు “సిగ్గు వేసినది” అను మాట వచ్చును. “నీవిప్పుడు కోరునదేమి?” అని ఆమె అడుగును. “వానికి బుద్ధి చెప్పవలెను” అని వాని సమాధానము. ఆమె గద్దింపదు. “బుద్ధి చెప్పితివనుకొందము. మరునాటి మధ్యాహ్నము నీవు ఎక్కడ కూర్చుండవలెనని నీ కోరిక?” అని మరల అడుగును. బాలుడు చాలసేపు మాటలాడడు. తుదకు “వారితోనే” అనును.

ఈ పాఠమునకు ప్రాణము ఆ మౌనమున నున్నది. పగ తీర్చుకొనుట తన లక్ష్యమని తలచిన బాలుడు, తన నిజమైన కోరిక స్నేహమని తానే కనుగొనెను. ఆ మాట ఉపాధ్యాయురాలు చెప్పియున్నచో అది ఆమె మాట. వాడు కనుగొన్నాడు గనుక అది వాని మాట. లక్ష్యము మారగనే ఉపాయములు కూడ మారును. కొట్టుట వలన ఆ బల్ల మరింత దూరమగునని ఇప్పుడు వానికే తెలియును. ఉపాధ్యాయులతో చెప్పుట, క్రొత్త మిత్రులను వెదకుకొనుట, ఆ గుంపులో తక్కువగా నవ్విన వానితో ఒంటరిగా మాటలాడుట మొదలగునవి వరుసగా తోచును. చివరిది వాడు ఎన్నుకొనును. ఏ మాటలతో ఆరంభింపవలెను, అతడు కాదన్నచో ఏమి చేయవలెను అని ఆలోచించి, ఉపాధ్యాయురాలే ఆ మిత్రుడుగా నటింపగా ఒకటి రెండు మారులు పలికి చూచును.

మరునాడు ఆ ప్రయత్నము ఫలింపక పోవచ్చును. మిత్రుడు మొగము త్రిప్పుకొనవచ్చును. ఎనిమిదవ మెట్టు అందులకే యున్నది. జరిగినది చూచి మరల మూడవ మెట్టుకో, నాలుగవ మెట్టుకో రావలెను. ఒక ఉపాయము తప్పుట తన జీవితము తప్పుట కాదని తెలిసికొనిన బాలుడు పెక్కు నిరాశల నుండి తప్పించుకొనును.

ఉపాధ్యాయునికి నియమము

ఈ విద్యలో కష్టతరమైన భాగము పిల్లవానిది కాదు, పెద్దవానిది. సమాధానము తెలిసియు చెప్పక ఊరకుండుట పెద్దలకు మిక్కిలి కష్టము. కావుననే ఒక ప్రశ్న వేసిన వెంటనే సలహా ఇయ్యక, మరియొక ప్రశ్న వేయవలెనని ఉపాధ్యాయులకు అభ్యాసము చేయింతురు. “అట్లు చేయుట మంచిదేనా?” అను ప్రశ్న పైకి ప్రశ్నయే గాని లోపల తీర్పు. దానికి పిల్లవాడు “కాదండీ” అని తల వంచుకొని పోవును, ఆలోచింపడు. “అట్లు చేసినచో తరువాత ఏమి జరుగును?” అనునది నిజమైన ప్రశ్న.

ఈ అభ్యాసము వారమునకొక గంటతో ముగియరాదు. చరిత్ర పాఠమున ఒక రాజు యుద్ధమునకు దిగినప్పుడు అతని లక్ష్యమేమి, వేరే ఉపాయములు లేవా అని అదే మెట్ల వరుసలో అడుగవచ్చును. కథలోని పాత్ర ఏ భావమునకు లోబడి తొందరపడినదో అడుగవచ్చును. ఆటస్థలమున తగవు వచ్చినప్పుడు అవే మాటలు వాడవలెను. న్యూ హేవెన్ నగరమున రోజర్ వైస్‌బర్గ్, టిమొతీ శ్రైవర్ మొదలగువారు 1980 దశాబ్ది చివర ఆరంభించిన పాఠ్యక్రమమున ఈ మెట్లను కూడలి దీపపు రంగులతో చూపిరి. ఎరుపు రంగు ఆగి శాంతించుటకు, పసుపు రంగు ఆలోచించుటకు, ఆకుపచ్చ రంగు ఎన్నుకొనిన ఉపాయమును ఆచరించుటకు గుర్తులు. చదువ నేర్వని పసివానికి కూడ ఆ పటము బోధపడును.

ఫలితములు

న్యూజెర్సీ పాఠ్యక్రమపు ఫలితములను గూర్చి 1986లో ప్రకటింపబడిన పరిశీలనలో, అయిదవ తరగతిలో ఏడాది పొడుగున అభ్యాసము పొందిన పిల్లలు, పొందనివారి కన్న పెద్ద పాఠశాలలోని చిక్కులను సులభముగా తట్టుకొనిరని తేలినది. నాలుగు, అయిదు తరగతులలో అభ్యాసము పొందినవారిని ఉన్నత పాఠశాల చేరు వరకు గమనించి 1991లో మరియొక పరిశీలనను ప్రకటించిరి. కొట్లాట, విధ్వంసము వంటి దుష్ప్రవర్తనలు వారిలో తక్కువగా కనబడినవి.

1994లో ఈ రంగమున పని చేయువారు ఒక సంస్థగా ఏర్పడిరి. తన్ను తానెరుగుట, తన్ను తాను అదుపులో నుంచుకొనుట, ఇతరుల మనస్సు నెరుగుట, సంబంధములను నిలుపుకొనుట, బాధ్యతతో నిర్ణయించుట అను అయిదింటిని ఈ విద్యకు అంగములుగా ఆ సంస్థ పేర్కొన్నది. 2011లో జోసెఫ్ డుర్లాక్ మొదలగువారు 213 పాఠ్యక్రమముల పరిశీలనలను, 2,70,034 మంది విద్యార్థుల ఫలితములను ఒకచోట కూర్చి చూచిరి. నడవడియే గాక చదువు కూడ మెరుగైనట్లు తేలినది. నూరుగురిని తక్కువ మార్కుల నుండి ఎక్కువ మార్కులకు వరుసగా నిలిపినచో, నడుమనున్న 50వ వాడు 61వ స్థానమునకు వచ్చునంత మేలు కనబడినది. వరుస క్రమము కలిగి, పిల్లలచే చేయించుచు, ప్రత్యేకముగా సమయము కేటాయించి, నేర్పు విషయమును స్పష్టపరచిన పాఠ్యక్రమములే ఎక్కువ ఫలించినవి. వెలుపలి నిపుణులే రావలసిన పని లేదు. తరగతి ఉపాధ్యాయులే దీనిని చక్కగా నేర్పగలరని కూడ ఆ పరిశీలన తెలిపినది.

పరిమితులు

మేలును చెప్పి లోపమును దాచుట విచారణ కాదు. అమెరికా ప్రభుత్వము ఇట్టి పాఠ్యక్రమములను ఏడింటిని పరీక్షింపజేసి 2010లో ప్రకటించిన నివేదికలో, సగటున చెప్పుకొనదగిన మార్పు కనబడలేదు. బ్రిటన్‌లో పిల్లలకు మనస్సును నిలుపు ధ్యానాభ్యాసమును పాఠశాలలలో నేర్పి చూచిన ఒక పెద్ద ప్రయోగమున సయితము, సాధారణ బోధన కన్న అధిక ప్రయోజనము లేదని 2022లో తేలినది. పుస్తకము కొని, గంట కేటాయించి, గోడకు పటము తగిలించినంతనే ఈ విద్య రాదు. ఉపాధ్యాయుడు పటము క్రిందనే నిలిచి పిల్లవానిని అవమానించినచో, పిల్లవాడు నేర్చుకొనునది పటమును కాదు.

ఇంకొక శంక కలదు. దొంగయు లక్ష్యము నిర్ణయించుకొనును, ఉపాయములు తలచును, ఆటంకములు ఊహించును. ఎనిమిది మెట్లును నేర్చి బలహీనుని వేధించుటకు వాడుకొనువాడుండడా? ఉండవచ్చును. కావుననే అయిదవ మెట్టులో ‘తనకును ఇతరులకును’ అను మాట ముఖ్యము. ఇతరులకు కలుగు ఫలమును లెక్కలోనికి తీసికొనని ఆలోచన చాతుర్యమే గాని వివేకము కాదు. ఎలయాస్ తరువాతి కాలమున న్యూజెర్సీలోని ప్లెయిన్‌ఫీల్డ్ పట్టణపు పాఠశాలలలో, పిల్లలు తాము నమ్మిన జీవిత సూత్రమును గూర్చి వ్యాసము వ్రాయు పద్ధతిని ఈ నేర్పులతో జోడించెను. ఎట్లు నిర్ణయింపవలెను అను దానికి, దేనికొరకు నిర్ణయింపవలెను అనునది తోడు కావలెను.

మూడవ హెచ్చరిక అన్నిటి కన్న ముఖ్యము. ప్రతి చిక్కును పిల్లవాడే తీర్చుకొనవలెనని ఈ విద్య భావము కాదు. దెబ్బలు తినుచున్న పిల్లవానితో “ఊపిరి నిదానింపుము” అనుట క్రూరత్వము. అచట ఆగవలసినది కొట్టువాని చేయి, ఆపవలసినది పెద్దలు. పెద్దల సహాయము కోరుట ఓటమి కాదనియు, అది కూడ ఒక మంచి ఉపాయమేననియు పిల్లవానికి ముందుగానే తెలిసియుండవలెను.

ఇంటను, బడిలోను

1990 దశాబ్దిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాఠశాలలలో నేర్పదగిన పది జీవన నైపుణ్యములను పేర్కొన్నప్పుడు వానిలో నిర్ణయ శక్తి, సమస్యా పరిష్కారము, భావములను తట్టుకొను శక్తి, ఇతరుల బాధ నెరుగుట కూడ చేరినవి. ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలలలో 2018లో ఆనంద పాఠ్యక్రమము ఆరంభమైనది. 2020 జాతీయ విద్యా విధానమును సాంఘిక, భావోద్వేగ నేర్పులను విద్యా లక్ష్యములలో చేర్చినది. కావున పాఠశాలలు నడుపువారికిని, పిల్లలను వసతి గృహములలో ఉంచి చదివించు సంస్థలకును, గృహస్థులకును ఇది దూరదేశపు ముచ్చట కాదు. దీనికి ధనము విశేషముగా అక్కరలేదు. కావలసినది ఓర్పు, పిల్లవాడు సమాధానము వెదకుకొను వరకు వేచియుండు ఓర్పు.

పిల్లలు రేపు చేయబోవు పెద్ద నిర్ణయముల వేళ పెద్దలు ప్రక్కన నుండరు. ఉండదగినది నేటి అలవాటు. దానిని చిన్న తగవులయందే, చిన్న నిరాశలయందే కూర్చవలెను.

చింతనకు ప్రశ్నలు

1. ఈ వారమున ఇంటిలో పిల్లల తగవు వచ్చినప్పుడు పెద్దలు మొదట పలికిన మాట ప్రశ్నయా, తీర్పా?
2. కోపము వచ్చుచున్నదని తెలుపు గుర్తు మీ శరీరమున ఏది? మీ పిల్లలకు ఏది?
3. పిల్లవాడు చెప్పిన కోరిక వెనుక వేరొక కోరిక దాగియున్న సందర్భమును గుర్తు తెచ్చుకొనుడు. దానిని వానిచేతనే చెప్పించుటకు ఏ ప్రశ్న తగియుండెడిది?
4. పిల్లవానికి వదలవలసిన చిక్కులేవి, పెద్దలు తప్పక కల్పించుకొనవలసిన చిక్కులేవి?